బూడిద మీద పెట్టిన అర్జీ

ఊక బూడిదతో పళ్లు తోముకునే వాళ్ల దగ్గరికి పోయి, ఆ బూడిద మీదే అర్జీకి సంతకాలు అడిగాను. నా తెలివి అట్లాంటిది. డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో టీచరుగా ఉండేదాన్ని. మా ఇంటికి గాలి వచ్చే వైపున ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. బాయిలరులో ఊక కాల్చేవాళ్లు. గొట్టంలోంచి బూడిద లేచి ఆరేసిన బట్టల మీద, వండిన అన్నం మీద, మా నాయన మంచం మీద పడేది. నాయనకు ఉబ్బసం. కూర్చునే నిద్రపోయేవాడు. ఇంకో ఏడాది ఈ గాలి పీలిస్తే మనిషి దక్కడని నంద్యాల డాక్టరు మొహం మీదే చెప్పాడు.

వీధిలో ఒక్కరూ సంతకం పెట్టలేదు. మిల్లు వాళ్లు బూడిద ఊరికే ఇచ్చేవాళ్లు. పళ్లకూ అంట్లకూ అదే.

"పండ్లకు మంచిదైంది ఊపిరికి చెడ్డదెట్లయితాది టీచరమ్మా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

చివరికి ఊరి బయట పారే వంక పక్క కాలనీలో ఉండే ఒకామె వేలిముద్ర వేసింది. మిల్లులో వడ్లు ఆరబోసే కూలి. మా చర్చికే వచ్చేది.

"మీ నాయన ఎగపోత చూల్లేకపోతాండా," అంది. ఆమె వేశాక కాలనీ అంతా వేసింది.

యజమాని ఉండేది నంద్యాలలో. ఆ కాగితం పట్టుకుని నాలుగుసార్లు బస్సెక్కాను. నాలుగోసారికి ఒప్పుకున్నాడు. పొగను నీళ్ల తొట్టి మీదుగా పోనిచ్చి, బూడిద అందులోనే దిగేటట్టు కట్టించాడు. నెల తిరక్కముందే గాలి తేటపడింది. నాయన వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. సంతోషం పట్టలేక బళ్లో పిల్లలకు బెల్లం పంచాను.

తొట్టి నీళ్లు యాడికి పోతాయని మాత్రం అడగలేదు. వంకలోకి వదిలారు. కాలనీ వాళ్లు తాగేది ఆ వంక ఇసుకలో తవ్వుకున్న చెలమల నీళ్లే. మళ్లీ బస్సెక్కాను.

"మీరడిగిందే చేసినా కదమ్మా," అన్నాడు యజమాని. "పొగ ఆపమన్నారు, ఆపినా. నీళ్ల సంగతి కాగితంలో యాడుంది?"

లేదు. రాసింది నేనే.

ఒకరోజు పొద్దున, మొదట వేలిముద్ర వేసినామె కడవతో మా ఇంటికి వచ్చింది. "చెలమ తోడితే నల్లగా వస్తాంది. మీ బాయిలో రెండు కడవలు చేదుకుంటా టీచరమ్మా." సరేనన్నాను. మరునాటికి కాలనీ మొత్తం వచ్చింది. ఎండలు ముదిరాయి, బావి అడుగంటింది.

"మనకే లేకుండా పోతాండాయి. గేటెయ్ పాపా," అన్నాడు నాయన.

తాళం నేనే వేశాను. తెల్లారి ఆమె ఖాళీ కడవతో వచ్చి తాళం చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ నాయన నిద్రపోతాండాడా?" అని అడిగింది.

"పోతాండాడు," అన్నాను.

"అంతే చాల్లే," అని వంక వైపు నడిచింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ ఎండాకాలమంతా నేను తాళం తీయలేదు.