వద్దన్నవాళ్ళ కోసం వెతికిన మనిషి

రేణిగుంట దగ్గర మేం నడిపే మూగజీవాల సంఘానికి విరాళమిచ్చేవాళ్ళు, మా లెక్కలూ పాలనా చూసి రమ్మని ఒకాయనను పంపారు. చిత్తూరులో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా కమిటీ తీర్మానాల పుస్తకంలో పేజీ తిప్పే ముందు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు: "దీన్ని ఎవురన్నా వద్దన్నారా?"

ఆ తీర్మానాలు రాసింది, సంఘంలో జీతానికి రాతపని చేసే నేనే. గ్రంథాలయంలో సంఘాల చట్టం చదువుకుని, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. ప్రతిదాని చివరా 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని ఉంటుంది. ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను.

"పశువుల డాక్టరును మాన్పించి ప్రచారానికి వ్యాను కొన్నారే, ఆ పొద్దన్నా ఎవురూ వద్దనలేదా?" అన్నాడు.

సంఘం నడిపే అక్క నవ్వింది. "కమిటీలో ఉండేది మా తమ్ముడు, మరదలు, సిన్నాయన. నా మాట ఎవురు కాదంటారు సార్?"

"అదేమ్మా నా బాధ."

అక్క ముఖం మారింది. "నేనేమన్నా దుడ్డు తినేసినానా?"

"లేదు తల్లీ, ఒక్క రూపాయి తేడా లేదు. తినుంటే నిన్ను మార్చమని రాసేవాణ్ణి. మంచిదానివి, నిన్ను ఎట్ల ఆపేది?"

విరాళం ఆపమని రాసి వెళ్ళిపోయాడు. రెండు నెలల్లో, మేం కుక్కల్ని పెట్టి సాకే షెడ్డు ఖాళీ చేయాల్సి వచ్చింది. అడిగినవాళ్ళకల్లా కుక్కల్ని ఇచ్చేశాం. ఎవరూ తీసుకోని ముసలివి పదకొండు మిగిలాయి. వాటి మధ్య కూర్చుని అక్క, "ఇబ్బుడేం జేద్దామబ్బా?" అంది.

ఇన్నేళ్ళలో ఆమె నన్ను సలహా అడగడం అదే మొదటిసారి.