వాక్యం కోసం కాలువలో దిగిన బండి

చట్టాన్ని ఎదిరించిన ఒక వీరుడి గాథ చెబుతాను, కాస్త సర్దుకుని కూర్చోండి. నిజానికి ఇది నేను బళ్ళారి పక్క కురుగోడు కాలువలో బైకు కడగబోయిన సంగతి. ఎలాగూ కూర్చున్నారు కదా, వినండి.

రెండేళ్ళ కిందట మా ఇంగ్లీషు కోచింగ్ సారు ‘ఫ్లౌట్’ అనే క్రియ నేర్పాడు. “దొంగచాటుగా రూలు తప్పితే ఫ్లౌట్ కాదప్పా. అందరి ముందర, తలెత్తుకోని తప్పల. రేపు ఆ మాటతో మీ బతుకులోంచి ఒక నిజమైన వాక్యం తెండి. బాగా చెప్పినోడి పేరు లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇంటర్వ్యూకు పంపిస్తా” అన్నాడు.

పంపేది ఒక్క పేరే. డిగ్రీ అయి ఇంట్లో కూర్చున్న నన్ను మా నాయన ఎండిపోయిన మిరప మడిని చూసినట్టు చూస్తున్నాడు. ఆ ఉద్యోగం నాకు కావాలి. కానీ నా బతుకులో అలాంటి వాక్యం లేదు. నేను పుట్టు బుద్ధిమంతుణ్ణి. సరే, తయారు చేసుకుందామనుకున్నాను.

కాలువ గట్టు మీద ‘ఇక్కడ వాహనాలు కడగరాదు’ అని కన్నడంలో బోర్డు ఉంది. తెల్లారగానే ఛాతీ విరుచుకుని బండి తోలుకుపోయాను. బోర్డు కింద అప్పటికే నాలుగు ట్రాక్టర్లు, ఆరు బైకులు. కాలువ కాపలాదారు వీరణ్ణ తన మోపెడ్‌కు సబ్బు రుద్దుతున్నాడు.

“వీరణ్ణా, నేనీడ బండి కడుగుతాండా” అని ప్రకటించాను.

“కడుగప్పా. సబ్బు తెచ్చినావా?”

“బోర్డు చూడు. కడగగూడదంట.”

“అది రాసి శానా ఏండ్లాయ. పోయి వరసలో నిలబడు. ముందు ట్రాక్టర్లు, ఆమీట బైకులు.”

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఈ ఊళ్ళో అందరూ పాటించే రూలు ఆ వరస ఒక్కటే. తలెత్తుకుని, అందరూ చూస్తుండగా, బండిని ట్రాక్టర్లు దాటించి నీళ్ళ అంచుకు తోశాను.

“ఏందప్పా, రూలు తెలీదా నీకు?” అన్నాడు వీరణ్ణ, బోర్డుకు ఆనుకుని.

“తెలిసే తప్పతాండా.”

“ఎనక్కి పో.”

“పోను.”

“పోనీలే వీరణ్ణా, పిల్లోనికి తొందరగా ఉండాది. సాయం పడదాం” అన్నాడొక ట్రాక్టరు డ్రైవరు.

నలుగురు సాయం పట్టి బండిని కాలువలోకి తోశారు. ముందు సైలెన్సరు మునిగింది, తర్వాత సీటు. చివరికి అద్దమొక్కటే కొంగ మెడలా పైకి తేలింది.

“ఇంక తీరిగ్గా కడుక్కోప్పా” అని వాళ్ళు వరసలోకి వెళ్ళిపోయారు.

తడి చెప్పులతోనే క్లాసుకెళ్ళి జరిగింది ఇంగ్లీషులో చెప్పాను. సారు కళ్ళు చెమర్చాయి. నా పేరే పంపాడు.

ఇంటర్వ్యూలో మేనేజరు ఇంగ్లీషు జోలికే పోలేదు. “కాగితాలు తీసుకోని లారీల తావ తిరగల. బండి ఉండాదా?”

“ఉండాది సార్.”

“యాడ?”

ఉద్యోగం బండి ఉన్నవాడికి వెళ్ళింది. ఇకమీదట ఏ ఇంగ్లీషు క్రియనూ నీళ్ళ దగ్గరికి తీసుకుపోనని సంగనకల్లు గుట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

బండికి కార్బొరేటరు మార్చాల్సి వచ్చింది. బళ్ళారిలో దొరకలేదు, మెకానిక్కు హోస్పేట నుంచి తెప్పించాడు.