దాటేసిన పేజీలు

నవల చదవడం కూడా ఒక ఖర్చేనని కొత్తపేటలో కాపురం పెట్టాకే నాకు తెలిసింది. పెళ్లికి ముందు మా గుంటూరు వైపు ఊళ్లో గ్రంథాలయం ఉండేది, పక్కింటి వాళ్ల వారపత్రికలు ఉండేవి, ఎవరూ డబ్బులడిగేవారు కాదు. ఇక్కడ మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో గుమాస్తా. జీతం ఏడాదికోసారి పెరిగేది, అదీ వాళ్లకు దయ కలిగితే. గ్యాసు, పాలు, కందిపప్పు, మా అబ్బాయి స్కూలు ఫీజు మాత్రం ఎప్పుడు పడితే అప్పుడు పెరిగేవి. ముందు పేపరు మానేశాం. తర్వాత వారపత్రిక, ఆ తర్వాత ఆదివారం సినిమా. ఆఖరికి దిల్‌సుఖ్‌నగర్ సందులో నేను వారానికోసారి వెళ్లే అద్దె పుస్తకాల షాపు వంతు వచ్చింది.

"నవల చదవకపోతే ప్రాణం పోతుందా?" అన్నాడు మా ఆయన. ఆయన రోజుకు నాలుగు టీలు బయట తాగేవాడు. ఆ సంగతి ఎత్తుదామని నోటి దాకా వచ్చింది గానీ మింగేశాను. నాకు కోపం తొందర, ఆయనకు అలక తొందర. రెండూ ఒకే వంటింట్లో పట్టవు.

అప్పటి నుంచి నేను పొట్లం కాగితాలు చదవడం మొదలుపెట్టాను. సిగ్గుచేటైన విషయమే, అయినా చెబుతున్నాను. మిర్చి బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం మీద సగం కథ దొరికితే, నూనె మరకల మధ్య అక్షరాలు ఏరుకుని చదివేదాన్ని. ఒకరోజు మెట్ల మీద కూర్చుని అదే పనిలో ఉండగా ఇంటి ఓనరు ఆంటీ చూసింది.

వాళ్లు కింద వాటాలో ఉండేవాళ్లు. పోచంపల్లి వైపు నేత కుటుంబం. ముప్పై ఏళ్ల కిందట పట్నం వచ్చి చీరల దుకాణం పెట్టుకుని ఈ ఇల్లు కట్టుకున్నారు. ఆంటీ బడి మొహం చూడలేదు. కానీ చిన్నప్పుడు రంగులో ముంచే ముందు చీర డిజైనుకు నూలు కట్టేటప్పుడు, ఏ పోగు మీద ఎక్కడ ముడి పడాలో కాగితం చూడకుండా చెప్పేదట. ఆ జ్ఞాపకశక్తి అంటే ఆమెకు చాలా గర్వం.

"గా పొట్లం కాయితంల ఏమున్నది బిడ్డా, గంతగనం చూస్తున్నవు?" అని అడిగింది.

కథ అన్నాను. చదివి చెప్పమంది. చదివాను. సగంలో ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆమే మా గుమ్మంలోకి వచ్చి, "కథల పుస్తకాలు కిరాయికి ఇస్తరంట గద. పైసలు నేనిస్త. నువ్వు సదివి ఇనిపియ్యి" అంది.

అలా రెండేళ్లు గడిచాయి. మధ్యాహ్నం రెండింటికి కింది వరండాలో చాప మీద నేను, గోడకు ఆనుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆమె. చుట్టుపక్కల వాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు, పెద్దావిడకు ఓపిగ్గా చదివి వినిపిస్తోందని. నేనూ అదేదో సేవ చేస్తున్నట్టు మొహం పెట్టేదాన్ని. మిగతా వాటాల కిరాయి రెండుసార్లు పెరిగినా మాది పెరగలేదు. "సదివే పిల్ల, ఉండనీ" అని ఆంటీ అంకుల్‌తో చెప్పిందట.

అసలు సంగతి వేరు. పుస్తకం తెచ్చిన పూటే నేను పైన మా ఇంట్లో మొత్తం చదివేసేదాన్ని. అన్నం మాడినా సరే. కిందికి వచ్చేసరికి ఆ కథ నాకు చద్దన్నం. దాన్నే మళ్లీ గొంతు నొప్పి పుట్టేలా ఐదారు రోజులు చదవాలి, అది అయితే తప్ప కొత్త పుస్తకం రాదు. అందుకని పేజీలు దాటేయడం మొదలుపెట్టాను. మొదట వర్ణనలు. తర్వాత నాకు నచ్చని మనుషులు వచ్చే చోట్లు. ఆ తర్వాత ఒకేసారి నాలుగైదు పేజీలు. బొటనవేలితో రెండు మూడు కాగితాలు కలిపి తిప్పుతూ, గొంతు తడబడకుండా ముందుకు పోవడం బాగా అలవాటైంది. ఐదు రోజుల పుస్తకం రెండు రోజుల్లో ముగించేదాన్ని. రోజు లెక్కన కట్టే పుస్తకం కిరాయి ఆమెకు కలిసొస్తోంది కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఎప్పుడైనా ఆమె, "మరి గా ముసలామె ఏమైంది?" అని అడిగితే, "ఆవిడ గురించి ఇంకేం రాయలేదు ఆంటీ" అనేదాన్ని. ఆమెకు తెలిసే దారి లేదని నాకు తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటే అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

అవి తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఎల్బీ నగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం వెలిసింది. ఆడవాళ్లు రోడ్ల మీదే బతుకమ్మ ఆడేవాళ్లు. మమ్మల్ని మోసం చేశారన్న నినాదం రోజూ మా కిటికీలోంచి వినబడేది. అంకుల్ దుకాణానికి షట్టరు దించి శిబిరంలో కూర్చునేవాడు. మా ఆయన ఇంట్లో గొంతు తగ్గించి చిందులు తొక్కేవాడు. "మనం ఎవరిని మోసం చేశాం? జీతానికి పనిచేసుకుని బతుకుతున్నాం, అంతేగా" అనేవాడు. నేను మజ్జిగ పోసి ఊరుకునేదాన్ని. ఆంటీ నన్ను ఒక్కనాడూ 'మీ ఆంధ్రోళ్లు' అనలేదు. ఎవరైనా అనబోతే, "గామె మా పిల్ల" అని ఆపేది.

ఇంతలో పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు నిలిచిపోయాయి, బళ్లు మూతపడ్డాయి, అద్దె పుస్తకాల షాపాయన తాళం వేసుకుని ఊరెళ్లిపోయాడు. అప్పటికి మా దగ్గర ఒక్కటే నవల మిగిలింది, అదీ చదివేసిందే. నాలుగు రోజులు ఓపిక పట్టి ఆంటీ, "గదే మల్ల సదువు బిడ్డా, ఏమైతది" అంది.

కాదనడానికి కారణం దొరకలేదు. చదవడం మొదలుపెట్టాను. ఎక్కడెక్కడ దాటేశానో నాకే గుర్తులేదు. రెండో రోజు పరధ్యానంగా చదువుకుంటూ పోతున్నాను. కథలో ముసలావిడ రోజూ మధ్యాహ్నం ఇంట్లో చెప్పకుండా రైల్వే స్టేషనుకు వెళ్లి, బెంచీ మీద కూర్చుని, వచ్చీపోయే రైళ్లను చూసి సాయంత్రానికి ఇంటికొస్తుంది. ఖర్చు లేని కాలక్షేపం ఆవిడకు అదొక్కటే. నాకు విసుగనిపించి మొదటిసారి వదిలేసిన భాగం అదే. ఆంటీ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"ఆగు బిడ్డా. మొన్న సదివినప్పుడు గిది లేదు."

భయమేస్తే నాకు కోపం వస్తుంది. "ఉందాంటీ. మీరే కునుకు తీసుంటారు" అన్నాను.

"నేను పండలే."

"పడుకున్నారు. నేను చూశాగా. లేపడమెందుకని చదువుకుంటూ పోయాను."

అంత పెద్ద అబద్ధం ఒక్క ఊపిరిలో ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆమె నా మొహంకేసి చూసి, "అట్లనా" అంది. అంతే.

మర్నాటి నుంచి ఆమె గోడకు ఆనుకోవడం మానేసింది. రెండింటికి మొహం మీద చన్నీళ్లు చల్లుకుని వచ్చి, స్టూలు మీద నిటారుగా కూర్చునేది. కథలో కొత్త సంగతి వచ్చినప్పుడల్లా చీర కొంగుకు ఒక ముడి వేసుకునేది, సాయంత్రం అంకుల్‌కు ఒక్కో ముడి పట్టుకుని అప్పజెప్పేదట. నేనేమో ఇరుక్కుపోయాను. ముసలావిడ సంగతి ఇప్పుడు దాటేస్తే అడుగుతుంది, చదివితే ఎప్పుడూ వినని మాటలు బయటపడతాయి. చదివాను. "గిది గుడ యాదికి లేదు" అనేది, ఒక్కో రోజు ఇంకాస్త మెల్లగా.

ఒక సాయంత్రం శిబిరం నుంచి వచ్చిన అంకుల్ నేరుగా మా మెట్లెక్కి వచ్చాడు. ఎప్పుడూ పైకి వచ్చే మనిషి కాదు.

"అమ్మా, నువ్వు రోజు ఆమె తోని కూసుంటవు గద. మీ ఆంటీకి మతిమరుపు ఒస్తున్నదా?" అన్నాడు. "వాళ్లమ్మకు గిట్లనే మొదలైందట. ఆఖరుకు బిడ్డలను గుడ గుర్తువట్టలే. గదే యాది జేసుకుని ఏడుస్తున్నది. దవాఖానకు తీస్కపోదామంటే బండ్లు నడుస్తలెవ్వు."

"అలాంటిదేం లేదు అంకుల్" అన్నాను. ఎందుకు లేదో చెప్పలేదు. చెప్పడానికి అదే సమయం. మోసం అన్న మాట పొద్దస్తమానం వీధిలో మోగుతున్న రోజుల్లో, అవును, నేను చేశాను అని ఎలా చెప్పడం?

మర్నాడు రెండింటికి నేను పుస్తకం తీసుకుని దిగితే వరండాలో చాప లేదు. "ఇగ కథలు ఒద్దు బిడ్డా. యాదికుండనోళ్లకు పుస్తకాలెందుకు, పైసలు దండగ" అంది లోపలి నుంచే. ఆమెకు నగల పిచ్చి లేదు, తీర్థయాత్రల సరదా లేదు. రోజుకో గంట కథ, అంతే. దాన్ని కాస్తా నేనే లాగేసుకున్నాను. పైకి వచ్చి గదిలో కూర్చుని ఏడ్చాను. అందులో సగం ఇక నాకూ నవలలు రావన్న ఏడుపే. నా బుద్ధి అలాంటిది.

రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు పొద్దున కిందికి వెళ్లాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతోంది. నిలబడే చెప్పేశాను.

"ఆంటీ, మీరు నిద్రపోలేదు. మీ మతికి ఏమీ కాలేదు. నేనే కొన్ని పేజీలు చదవకుండా తిప్పేశాను."

చాట కింద పెట్టింది. 'మీ ఆంధ్రోళ్లంతా ఇంతే' అంటుందనుకున్నాను. అననీ అని కూడా అనుకున్నాను, అంటే నేనూ రెండు మాటలు అనేసి మెట్లెక్కి వెళ్లిపోవచ్చు. ఆమె అనలేదు.

"గీ ఒక్క పుస్తకంలనేనా?" అని అడిగింది.

రెండేళ్ల కథలు. వాటిని ఆమె పోచంపల్లిలో చెల్లెలికి ఫోనులో చెప్పేది. కోడళ్లకు చెప్పేది. ఆ మనుషుల మంచిచెడ్డలు సొంత చుట్టాలవన్నట్టు వాదించేది. అవన్నీ నేను సగం సగం కోసి ఇచ్చినవి.

"ఇందులోనే ఆంటీ. ఈ ఒక్కదాంట్లోనే" అన్నాను.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. "నా మతి పోయిందనుకున్న బిడ్డా" అని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. లోపలికి వెళ్లి అంకుల్‌కు చెప్పింది, చెల్లెలికి ఫోను చేసి చెప్పింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

సమ్మె ముగిసి షాపు తెరిచాక మళ్లీ పుస్తకాలు మొదలయ్యాయి. నేను ముందుగా చదవడం మానేశాను, ఒక్క అక్షరం వదలకుండా వినిపించాను. తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ ఇంట్లో మేము ఇంకా కొన్నేళ్లున్నాం. కొత్తగా ఎవరు కిరాయికి దిగినా ఆంటీ వాళ్లకు నన్ను చూపించి, "గీ పిల్ల తప్పు జేసినా దాసుకోదు, మొకం మీద ఒప్పుకుంటది" అని చెప్పేది. నేను పక్కనే నిలబడి వినేదాన్ని. ఒక్కసారి కూడా కాదనలేదు.