డాక్టరమ్మ ఎడమకన్ను

నేను నర్సుగా చేరిన కొత్తలో, పంతొమ్మిదివందల అరవైల మొదట్లో, అల్లూరు దగ్గర మా చిన్న ఆసుపత్రికి ఒక జీపు ఉండేది. దాన్ని నడిపేది మా డాక్టరమ్మే. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. వారంలో చాలా రోజులు మందుల పెట్టె వేసుకుని సముద్రపు ఒడ్డు పల్లెలకు వెళ్లేవాళ్లం. ఆడమనిషి జీపు తోలడం చూడ్డానికి జనం వాకిళ్లలోకి వచ్చి నిలబడేవారు. పక్కన కూర్చున్నందుకు నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

ఒకరోజు కాలవగట్టు మీద, ఎడమపక్కన ఆగి ఉన్న ఎడ్లబండి చక్రానికి జీపు రాసుకుంది. బండతను "ఏం కాలేదులేమ్మా" అన్నాడు గానీ, ఆమె దిగి చక్రాన్నీ జీపునూ చూసి వచ్చింది. ఆసుపత్రికి రాగానే నన్ను పిలిచింది.

"నేనింక బండి తోలొచ్చునో లేదో నువ్వే చెప్పాల. ఈ వారమంతా నేనేం చూడలేదో నువ్వు చూడు. దాచబాకు."

ఎలా చెప్పను? ఉద్యోగం ఇచ్చింది ఆమె. పురుడు పోయడం నేర్పింది ఆమె. మొదటిరోజు ఎడమనుంచి ఒక గేదె రోడ్డెక్కితే ఆమె చూడనే లేదు, గేదే ఆగింది. రెండోరోజు ఒక సైకిలతను మమ్మల్ని తప్పించుకోబోయి పొలంలోకి దిగిపోయాడు. సాయంత్రం ఆమె అడిగితే, "బాగానే తోలినారమ్మా" అన్నాను.

మూడోరోజు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎడమ అంచున ఒక ముసలామె వంగి చీపురుతో ఊడుస్తోంది. జీపు ఎడమ చక్రం ఆమె మీదికే పోతోంది.

"ఆపండమ్మా!" అని అరిచాను.

బ్రేకు పడింది. చక్రాలు వడ్ల మీద జారి, ముసలామెకు మూరెడు దూరంలో ఆగాయి.

"ఏందమ్మా, మనుషులు కనపడటంలా?" అని ముసలామె కేకలేసింది. నేను దిగి ఆమె కాళ్లూ చేతులూ తడిమి చూశాను. ఎక్కడా తగల్లేదు.

డాక్టరమ్మ ఇంజను ఆపి అలాగే కూర్చుంది. "నిజంగానే కనపడలా," అంది నాతో. "ముందు కూడా ఇట్టా జరిగిందా?"

ఏడుస్తూ గేదె సంగతి, సైకిలు సంగతి చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. కుడికన్ను మూసుకుని, ఎదురుగా ఉన్న తాడిచెట్టునే చూస్తూ, నన్ను చేతిరుమాలు ఊపుకుంటూ జీపు ఎడమపక్కగా వెనకనుంచి ముందుకు నడవమంది; రుమాలు కనపడగానే చెబుతానంది. నేను జీపు ముందు దీపాలు దాటి చాలా దూరం పోయాకగానీ "ఇప్పుడు" అనలేదు. రెండో కంటికి మాత్రం, కుడిపక్కగా అలాగే నడిస్తే, నేను ఆమె భుజం దాటగానే రుమాలు కనిపించింది. జీపును అక్కడే ఒక ఇంటి ముందు వదిలి, ఇద్దరం బస్సులో వచ్చేశాం.

ఆ వారమే ఆమె నెల్లూరులో కంటి డాక్టరుకు చూపించుకుంది. కంట్లో ఒత్తిడి పెరిగి ఎడమకంటి పక్కచూపు పోయిందట. అది తిరిగి రాదు. కుడికన్ను ఇంకా బాగుంది, రోజూ చుక్కల మందు వేసుకుంటే నిలుస్తుందన్నాడట.

నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారేమోనని నేను అన్నం కూడా సరిగా తినలేదు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది.

"మొదటిరోజే చెప్పుండాల్సింది నువ్వు. ఏదో, చెప్పినావు కదా. ఆ ముసలామె బాగుండాది, నాకు ఒక కన్నన్నా మిగిలింది. ఇంకేం కావాల?"

నెల తిరక్కుండా గూడూరునుంచి ఒక డ్రైవరు వచ్చాడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె నాతోపాటు వెనక కూర్చుని, "మెల్లగా పో నాయనా" అని నాలుగైదుసార్లు అంది. రెండో ఊరు దాటేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను కదలకుండా కూర్చున్నాను. అన్ని రోజుల తర్వాత నాకు హాయిగా ఊపిరాడింది.