డెక్ మీద భోజనం

ఆ ఆదివారం వదిన ఇంట్లో, భోంచేస్తున్న అందరి ముందూ ఒక మాట ఇచ్చాను. నేను ఇవ్వకూడని మాట అది.

నేను అమెరికాలో మా రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్‌లో సభ్యుణ్ణి. కరెంటు ధర పెంచుతామని కంపెనీ వస్తే, అందరి వాదనా విని తేల్చే కొద్దిమందిలో ఒకణ్ణి. కేసు నడుస్తుండగా దాని గురించి బయట ఎవరితోనూ మాట్లాడకూడదు. ఈ ఏడు వాషింగ్టన్‌లోని ప్రతినిధుల సభకు పోటీ చేస్తున్నాను. ఇప్పుడు మాట్లాడడమే నా పని.

వదిన అంటే సొంత వదిన కాదు. ఈ ఊరు వచ్చిన కొత్తలో మా పక్కింటావిడ. వండిన ప్రతి కూరా ఒక గిన్నెడు మాకు పంపేది. వాళ్ళింట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ అంటే ఇప్పటికీ నాకు ఇంగువ పోపు వాసన, తలుపు దగ్గర చెప్పుల కుప్ప, బేస్‌మెంట్‌లో పిల్లల గోల గుర్తొస్తాయి. ఎవరైనా కరెంటు బిల్లు సంగతి ఎత్తితే చాలు, చలికాలమైనా సరే, ప్లేటు పట్టుకుని ఇంటి వెనక ఆరుబయట ఉండే చెక్క అరుగు, ఆ డెక్ మీదికి వెళ్ళిపోయేవాణ్ణి. వదిన గాజు తలుపు కాస్త జరిపి వేడి చారు గ్లాసు అందించి, లోపలికి తిరిగి, "మరిదిగారు మడి కట్టుకున్నారర్రా, ముట్టుకోకండి!" అని నవ్వేది. మాట మారాక అద్దం మీద తట్టేది. ఆ తట్టు కోసం చూస్తూ చలిలో చారు తాగిన సాయంత్రాలంటే నాకిప్పటికీ ఇష్టం.

ఆ ఆదివారం వచ్చినవాళ్ళంతా నా ప్రచారం కోసం వచ్చినవాళ్ళే. ఒక కుర్రాడు అడిగాడు: "అంకుల్, డేటా సెంటర్లకి వేసే లైన్ల ఖర్చు మా బిల్స్‌లో యాడ్ చేస్తారంట కదా? మీరేం చేస్తున్నారు?"

ఆ కేసు మా ముందే ఉంది. డెక్ తలుపు నా వెనకే ఉంది. వదిన అప్పటికే చారు గ్లాసు పట్టుకుని లేచింది.

నేను కదల్లేదు. "ఇళ్ళ మీద ఒక్క డాలర్ పడనివ్వను. నా ఓటు మీకే," అన్నాను.

చప్పట్లు మోగాయి. వదిన గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

కార్‌లో ఇంటికి వెళ్తుంటే తల కాస్త చల్లబడింది. ముందే తీర్పు చెప్పేసినవాడు ఆ కేసు తేల్చడానికి కూర్చోకూడదు. మా కమిషన్‌లో ఇళ్ళవాళ్ళ గోడు వినేవాళ్ళు తక్కువ. రిటైరయ్యాక వదిన రెండు గదులకే హీటర్ వేసుకుంటోందని నాకు తెలుసు. ఆవిడ వైపు పడాల్సిన ఓటును చప్పట్ల కోసం నేనే పోగొట్టాను.

మర్నాడు కమిషన్‌లో నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పి, కేసు నుంచి తప్పుకున్నాను. నా ప్రచారం పనులు చూసుకునే అమ్మాయి తల పట్టుకుంది. "ఎవరూ రికార్డ్ చేయలేదు కదా అంకుల్! ఎందుకు చెప్పారు?"

తర్వాతి ఆదివారం ఆ మనుషుల్నే మళ్ళీ పిలవమని వదినను బతిమాలుకున్నాను. మాట ఇచ్చిన చోటే నిలబడి చెప్పాను: "నేను నోరు జారినందువల్ల మీ కేసులో నాకిక ఓటు లేదు. ఆ మాట నమ్మి నాకు వేద్దామనుకుంటే, వేయకండి."

"అయితే ఇప్పుడు మా గతేంటి?" అంది వదిన.

"కమిషన్ జనం మాట వినడానికి పెట్టే పబ్లిక్ హియరింగ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు వదినా. మీరు వెళ్ళి చెప్పండి."

"చెప్తాలే. నీలాగా చప్పట్ల కోసం మాత్రం కాదు."

ఎవరూ నవ్వలేదు. హియరింగ్‌కి ఎవరెవరు వెళ్ళాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను ప్లేటు తీసుకుని డెక్ మీదికి వెళ్ళి, తలుపు నేనే మూశాను.