అచ్చొచ్చిన ఇల్లు

మా వాళ్ళు ఇల్లు కొనేటప్పుడు గోడలు, పైకప్పు, నీళ్ళ వసతి అన్నీ చూశాక చివర్లో ఒక మాట అడుగుతారు: ముందున్నవాళ్ళకి అచ్చొచ్చిందా? న్యూజెర్సీలో ఈ మాట అడగడానికి మనిషి దొరకడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి బాయిలర్ వయసు చెప్తాడు, చెదలున్నాయో లేవో చెప్తాడు. ఆ ఇంట్లో ఎవరు సుఖపడ్డారో, ఎవరు ఏడ్చారో అతనికి అనవసరం.

మేం జెర్సీ సిటీలో కొన్నది వందేళ్ళు ఎప్పుడో దాటేసిన విక్టోరియన్ రో హౌస్. వీధి పొడుగునా గోడకు గోడ ఆనుకుని నిలబడ్డ ఇళ్ళలో అదొకటి. సన్నగా మూడంతస్తులు, ఎక్కేసరికి ఆయాసం తెప్పించే మెట్లు. ఎడిసన్‌లో గరాజ్‌తో సహా కొత్త ఇళ్ళు కొనుక్కున్న స్నేహితులు, ఈ పాత కొంప ఏం చూసి కొన్నారని అడిగారు. నేను చూసింది మెట్ల మలుపులో గోడలోకి కట్టిన గూడు. గూడు కనిపిస్తే దీపం పెట్టకుండా ఉండగలమా? గృహప్రవేశం రోజే అందులో వినాయకుణ్ణి కూర్చోబెట్టి దీపం వెలిగించాను.

ఆ ఏడాదే నాకు గర్భం పోయింది. దాని గురించి ఎక్కువ రాయలేను. అప్పటికే మేడ మీద ముందు గదికి బిడ్డ కోసమని లేత పసుపు రంగు వేయించి ఉన్నాం. ఆ గది తలుపు మూసేసి, మళ్ళీ కడుపు పండేదాకా తియ్యలేదు.

రెండోసారి ఐదో నెల నడుస్తుండగా, మా ప్యాకెట్ ఏదో పొరపాటున తనింటికి వచ్చిందని పక్కింటాయన తెచ్చిచ్చాడు. గూట్లో దీపం చూసి తెగ సంబరపడిపోయాడు. “కాఫిన్ కార్నర్‌లో దేవుణ్ణి పెట్టారే!” అన్నాడు. పూర్వం మనుషులు మేడ మీదే పోయేవాళ్ళట. శవపేటిక దించేటప్పుడు మలుపు తిరగడానికి చోటు కావాలని గోడలో ఇలా గూడు వదిలేవారట. ఆయన మంచివాడే. చెప్పేసి హాయిగా వెళ్ళిపోయాడు.

నా భర్త నోట్లో నువ్వుగింజ నానదు. ఇదేదో పెద్ద జోకన్నట్టు ఆ సాయంత్రమే వీడియో కాల్‌లో మా అమ్మకి చెప్పేశాడు. గుంటూరులో అమ్మ నవ్వలేదు.

“శవాలు దిగే చోట దీపం పెట్టావుటే? అందుకే అట్లా అయింది. ఆ ఇల్లు మీకు అచ్చిరాలేదు. అమ్మేసి ఇంకోటి చూసుకోండి. పురుటికి నేను ఆ గుమ్మం తొక్కను, నిన్నూ ఉండనివ్వను.”

నేను గట్టిగానే వాదించాను. ఇలాంటివి నమ్మనని నలుగురిలో చెప్పుకు తిరిగేదాన్ని నేను. కానీ కడుపులో బిడ్డ కదులుతున్నప్పుడు మన తెలివితేటలు మనకే చాలవు. ఆ రోజు నుంచీ ముందు గదిలోకి వెళ్ళాలంటే భయమేసేది. నా భర్తది వరంగల్. ఆయన అప్పటికే నిర్ణయానికి వచ్చేశాడు.

“ఏజెంట్‌తోని మాట్లాడిన. స్ప్రింగ్‌ల ఇల్లు అమ్మకానికి లిస్ట్ చేద్దాం. అత్తమ్మ రాకుంటె డెలివరీ టైంల నువ్వు ఒక్కదానివే అయితవ్ కదా, ఎందుకు రిస్కు?”

నాకు ఒళ్ళు మండింది. ఎవరో పక్కింటాయన మాట మీద ఇల్లమ్ముకుంటామా? అచ్చొచ్చిందో లేదో అందులో బతికినవాళ్ళనే అడుగుదాం అన్నాను. వాళ్ళు దొరికేవరకు ఏజెంట్‌ని ఆపమన్నాను.

ముందు లైబ్రరీకి వెళ్ళాను. ఏ ఇంట్లో ఎవరుండేవారో చెప్పే పాత డైరెక్టరీలు అక్కడున్నాయి. మా ఇంట్లో ఒక వడ్రంగి ఉన్నాడు, తర్వాత ఐసు అమ్మేవాడు, ఆ తర్వాత టోపీలు కుట్టే అక్కచెల్లెళ్ళు. పేరు, పని, అంతే. వాళ్ళ వంటింటి కబురు ఒక్కటీ లేదు. చివరికి మా పేట ఫేస్‌బుక్ గ్రూప్‌లో ఇంటి ఫోటో పెట్టి, ఇక్కడ ఎవరైనా ఉండేవారా అని అడిగాను. కింద కామెంట్లలో పార్కింగ్ గురించి ఇద్దరు తిట్టుకున్నారు. మూడోరోజు ఒకావిడ రాసింది: మా అమ్మ ఆ ఇంట్లోనే పుట్టింది.

మన మిఠాయి కొట్లుండే ఐసెలిన్ వెళ్ళి కాజాలు కొనుక్కుని, బయోన్‌లో ఉన్న ఆ కూతురింటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. అక్కడే ఉంటున్న వాళ్ళమ్మ తొంభైకి దగ్గర్లో ఉన్న పెద్దావిడ. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. వెళ్ళగానే గూడు సంగతి అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది. “శవపేటికా? మా అమ్మ అక్కడ మేరీమాత బొమ్మ పెట్టి కొవ్వొత్తి వెలిగించేది” అంది. నా ప్రాణం లేచి వచ్చింది.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. అసలు ప్రశ్న మిగిలిపోయింది. అచ్చిరావడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. ఆ ఇంట్లో మీకు అంతా మంచే జరిగిందా అని అడిగాను.

ఆవిడ కాజా ఒకటి అందుకుంది. “నాకు ముందు ఒక అక్క ఉండేది. ఇంకా నడక కూడా రాలేదు. జ్వరమొచ్చి పోయింది.”

“ఏ గదిలో?”

“మేడ మీద ముందు గది.”

నా చెయ్యి పొట్ట మీదకి పోయింది. అమ్మ చెప్పిందే నిజమనుకున్నాను. అయినా అడిగాను, మీ అమ్మగారు ఆ ఇల్లు వదిలేద్దామనలేదా అని.

“అంది. సామాను కూడా కట్టేసిందట. అంతలో నేను కడుపున పడ్డాను. వేవిళ్ళతో మంచం దిగలేక ప్రయాణం ఆపేసింది. మళ్ళీ ఆ గదిలోనే నన్ను కన్నది.” ఇంకో కాజా తీసుకుంది. “ఇవి చాలా బాగున్నాయి. నీకు ఎప్పుడు నెలలు నిండేది?”

తిరిగి వస్తూ కారు పక్కకి ఆపుకుని ఏడ్చాను. భయంతో కాదు. పసిబిడ్డ పోయిన గదిలోనే పుట్టిన మనిషి ఇంతకాలం బతికి, నా ఎదురుగా కాజా నములుతూ కూర్చుంది. నాకు అంతకంటే పెద్ద జవాబు అక్కర్లేదనిపించింది. అమ్మకి అది చాలుతుందో లేదో తెలియదు.

మంచీ చెడూ రెండూ దాచకుండా అమ్మకి చెప్పాను.

“పిల్ల పోయిన గదిలోనేనా ఆవిడ పుట్టింది?”

“అదే గదిలోనమ్మా.”

“పిల్లలూ?”

“మునిమనవలు కూడా ఉన్నారు.”

“వాళ్ళాయన?”

“పోయి చాలా కాలమైందట.”

అమ్మ ఊఁ అని ఫోన్ పెట్టేసింది. మర్నాడు నా భర్తకి ఫోన్ చేసి టికెట్ బుక్ చెయ్యమంది.

పాప పుట్టింది. బారసాలకి పెద్దావిణ్ణి కూతురు తీసుకొచ్చింది. వద్దన్నా వినకుండా, రెయిలింగ్ పట్టుకుని ఆగి ఆగి మేడెక్కింది. ఉయ్యాల ముందు గదిలోనే కట్టాం. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ముత్తయిదువలకి వరసగా బొట్టు పెడుతోంది. ఈ విషయంలో మా అమ్మ ఎంత కఠినమంటే, బాబాయి పోయాక సొంత చెల్లెలిని కూడా నా పెళ్ళిలో పీటల దగ్గరికి రానివ్వలేదు. భరిణె పెద్దావిడ దాకా వచ్చేసింది. ఆవిడకి ఇవేం తెలియవు. అందరూ చేసినట్టే తనూ తల ముందుకు వంచింది.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత గడ్డం పట్టుకుని ఆవిడ నుదుట ఇంత బొట్టు పెట్టింది. పాపని తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టి, “ముందు మీరే ఉయ్యాల్లో వెయ్యండమ్మా” అంది, తెలుగులోనే.