సిస్టరమ్మ దాచుకున్న చీర

పదిహేనేళ్ళ కిందట ఒక మనిషి తన పిన్నికి ఇచ్చిన మాట తప్పాడు. "నువ్వు రిటైరవగానే ఫ్రాంక్‌ఫర్ట్ తీసుకెళ్ళిపోతాను పిన్నీ, మాతోనే ఉందువుగాని" అన్నాడు. ఆవిడ నమ్మి, సామానంతా అట్టపెట్టెల్లో సర్దుకుని రెండు నెలలు ఆ పెట్టెల మధ్యే తిరిగారు. అతను రాలేదు. ఆ పిన్ని, మా కింది అంతస్తులో ఉండే సిస్టరమ్మ, ఈ జనవరిలో ఆసుపత్రిలో పోయారు. కరోనా కాదు, గుండె. అయినా చూడటానికి ఎవరినీ లోపలికి రానివ్వలేదు.

స్టుట్‌గార్ట్ పక్కనున్న మా చిన్న ఊళ్ళో, స్టేషన్ దగ్గర చర్చివాళ్ళ పాతసామాన్ల దుకాణం ఉంది. జనం ఊరికే ఇచ్చినవి చౌకగా అమ్ముతారు. నలభై ఏళ్ళు నర్సుగా పని చేసిన సిస్టరమ్మ, ఆ తర్వాత మంగళ, శుక్రవారాలు జీతం లేకుండా అక్కడ నిలబడేవారు. నేను పుస్తకాల అర కోసం వెళ్ళేవాణ్ణి. నా భార్య పోయాక మిగిలిన వ్యసనం అదొక్కటే. గుమ్మంలో నన్ను చూడగానే, "రండి అన్నయ్యగారూ, ఎవరో ప్రొఫెసరు పోయాడంట, మీకివాళ పండగే" అనేవారు.

వచ్చిన ప్రతి కోటు జేబులూ తడిమి చూడటం ఆవిడ అలవాటు. రుమాళ్ళు, దగ్గు బిళ్ళలు, ఒక్కోసారి ఎండిన చెస్ట్‌నట్ గింజ. కీళ్ళనొప్పులు రావని ఇక్కడి ముసలివాళ్ళు ఆ గింజ జేబులో వేసుకు తిరుగుతారు. మిగతావన్నీ తీసేసి గింజను మాత్రం అక్కడే వదిలేసేవారు. "మందు ఎవరిదైతే ఏంటండీ" అనేవారు.

ఒక అక్టోబరులో, నిజామాబాద్ నుంచి చదువుకోవడానికి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక ఉన్నికోటు పట్టుకుని తటపటాయించింది.

"ఆంటీ, ఇది సచ్చిపోయినోళ్లదా?"

"అవునమ్మా. పెద్దాయన ఇందులో ముప్పై చలికాలాలు బతికాడు. నువ్వు రెండు గట్టెక్కలేవా? తొడుక్కో."

ఆ పిల్ల తొడుక్కుంది. కోటు చేతులు వేళ్ళు దాటి వేలాడుతుంటే ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆవిడ పోయాక మా తెలుగువాళ్ళు జూమ్‌లో సంతాపసభ పెట్టారు. గంటన్నర సేపు సేవామూర్తి, త్యాగమూర్తి అన్నారు. అలా అన్నవాళ్ళలో ఆ దుకాణం గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు. పాతబట్టల దుకాణంలో కనబడితే పరువు పోతుందని వాళ్ళ భయం. నేను కెమెరా ఆపేసి కూర్చున్నాను.

ఇక చీర సంగతి. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక శుక్రవారం, దుకాణం మూసి వస్తూ నన్ను ఇంటికి పిలిచి, బీరువా అడుగు అరలోంచి ఒక దిండు గలీబు తీశారు. అందులో మీగడ రంగు వెంకటగిరి చీర, సన్నటి జరీ అంచు. పెళ్ళికని వాళ్ళమ్మ కొన్నదట. నర్సు పిల్ల వద్దని పెళ్ళివారు తప్పుకున్నారు. ఆవిడ జర్మనీ వచ్చేశారు. చీర మడత విప్పనేలేదు.

"పోయేటప్పుడు ఇదే కట్టాలండీ. మావాడికి చెప్తే ఏడుస్తాడు, అందుకని మీకు చెప్తన్నా. ఆ బుర్రలో అన్ని పుస్తకాలున్నాయి, ఒక చీర పట్టదా?"

"మీవాడా? మాట తప్పినా ఇంకా మీవాడేనా?" అన్నాను.

"వాణ్ణి నేనెప్పుడో క్షమించేశాను. మీరెందుకు మోసుకు తిరుగుతారు?"

చీర సంగతి గుర్తుంచుకుంటానని మాటిచ్చాను.

ఆవిడ పోయిన మర్నాడు ఆ అక్కకొడుకు నాకు ఫోన్ చేశాడు. "అంకుల్, ఖననం చేసేవాళ్ళు బట్టలు అడుగుతున్నారు. పిన్ని మీకేమన్నా చెప్పిందా?"

పదిహేనేళ్ళుగా నేను నూరుకుంటున్న మాట నోటికొచ్చింది. "ఆవిడ పెట్టెలు సర్దుకుని కూర్చున్నప్పుడు చెయ్యాల్సిన ఫోనిది" అని పెట్టేశాను. తృప్తిగా అనిపించింది, అబద్ధం చెప్పను. సాయంత్రానికి చీర గుర్తొచ్చింది. మళ్ళీ చేస్తాడులే అనుకున్నాను. చెయ్యలేదు. అతని నంబరు నా దగ్గరే ఉంది.

సమాధి దగ్గర పట్టుమని పదిమందిమి లేము. దూరదూరంగా, మాస్కులతో నిలబడ్డాం. అతను నాలుగడుగుల అవతల ఆగి, "తెలియక ఆ నీలం స్వెట్టరే ఇచ్చాను అంకుల్, దుకాణానికి వేసుకెళ్ళేది. పర్లేదు కదా?" అన్నాడు. నేను గుప్పెడు మట్టి వేసి పక్కకు జరిగాను. ఆ వారమే అతను ఆవిడ ఇల్లు ఖాళీ చేసి, బట్టలన్నీ పిన్నికి ఇష్టమైన చోటికే ఇస్తున్నాననుకుని, సంచుల్లో దుకాణం గుమ్మం దగ్గర దింపి వెళ్ళాడు.

వసంతంలో దుకాణాలు తెరిచారు. పాతబట్టలు చూడటానికి కూడా టెర్మిన్, అంటే ముందుగా టైము, తీసుకుని ఒక్కొక్కరే వెళ్ళాలి. పుస్తకాల వైపు పోతూ కిటికీ తెరల దగ్గర ఆగిపోయాను. మీగడ రంగు, సన్నటి జరీ అంచు. సగమే ఉంది. కోసిన చోట నీటుగా కుట్టి, పైన రింగులు తగిలించారు.

"మంచి తెర" అంది కొత్తగా చేరిన జర్మన్ ఆవిడ సంతోషంగా. "అంత పొడుగు కిటికీ ఎవరికుంటుందని నేనే రెండు చేశాను. ఒక్క కిటికీ గది ఉన్నావిడ ఒకటి తీసుకెళ్ళింది."

ఆవిడ తప్పేమీ లేదు. ఎప్పుడూ చీర చూసి ఉండదు.

నేను కొనుక్కున్న సగం ఇప్పుడు నా బీరువాలో ఉంది. రెండో సగం ఈ ఊళ్ళోనే ఏదో కిటికీకి వేలాడుతోంది. సాయంత్రాలు, ఇళ్ళలో దీపాలు వెలిగే వేళ, కిటికీల వంక చూస్తూ నడుస్తాను. ఇంకా కనబడలేదు. అక్కకొడుకును క్షమించడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. కానీ అతను అడిగాడు. చెప్పనివాణ్ణి నేను.